పరదేశి కోడలు – ప్రజల భాష

(చదువవలసిన వాక్యభాగములు: నెహెమ్యా 8:1–12, 1 కొరింథీయులకు 14:6–19)



కొన్ని నెలల క్రిందట ఒక ఆదివారమున మా సంఘములో చిన్న కలత పుట్టెను. మా ఊరికి ఇల్లరికమునకు వచ్చిన ఒక యౌవనస్థునికి ఆనాడు వాక్యము చదువు వంతు వచ్చినది. అతడు మనము ఎప్పుడును చదువుకొను పాత బైబిలును ప్రక్కనపెట్టి, వాడుక తెలుగులోనికి క్రొత్తగా తర్జుమా చేయబడిన గ్రంథమునుండి ఒక కీర్తన చదివెను. చదువుట ముగియకముందే మా పెద్దలలో ఒకరు లేచి నిలువబడి, "మా నాన్న చనిపోతూ చెప్పుకున్న మాటలవి. నిన్నగాక మొన్న ఊళ్లోకి వచ్చినవాడివి, వాటిని మార్చడానికి నువ్వెవడివి?" అని అడిగిరి. ఆ యౌవనస్థుడు చిన్నబోయి కూర్చుండెను. ఆరాధన ఏలాగో ముగిసినది.

ఆ వారములోనే మేము మంచమునపడిన ఒక వృద్ధురాలిని చూడబోయితిమి. ఎప్పటివలెనే పాత బైబిలునుండి రోమీయులకు వ్రాసిన పత్రికలోని ఒక భాగమును చదివి ప్రార్థన చేసితిమి. ఆమె మా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, మీరు చదివింది దేవుని మాటని తెలుసండి. వింటుంటే బాగుందండి. కాని ఆయన నాతో ఏం చెప్పాడో నాకు తెలియలేదండి" అనెను. ఆ మాట మాకు చాల రోజులు నిద్ర పట్టనియ్యలేదు.

ఒకరికి మాట మారినందున నొప్పి కలిగెను. మరియొకరికి మాట తెలియనందున నొప్పి కలిగెను. ఇద్దరును దేవుని వాక్యమును ప్రేమించువారే. ఇట్టి సమయమున ఏది న్యాయము? బయటనుండి వచ్చినవారు, ప్రేమతోనే యైనను, ఒక జనము పరిశుద్ధమని ఎంచుకొనిన దానిమీద చెయ్యి వేయవచ్చునా? ఈ ప్రశ్నను మోసికొని తిరుగుచుండగా గ్రీసు దేశపు రాణి ఓల్గా చరిత్ర మాకు జ్ఞాపకమునకు వచ్చినది. ఆమె జీవితమును ఈ నెల మనము కలిసి ధ్యానింతము.

ఓల్గా గ్రీసులో పుట్టలేదు. ఆమె 1851లో రష్యా దేశమున, సెయింట్ పీటర్స్‌బర్గు నగరమునకు సమీపమునున్న పావ్లోవ్‌స్కు రాజగృహములో జన్మించెను. రష్యా చక్రవర్తియైన మొదటి నికొలాసునకు ఆమె మనుమరాలు. ఆమెను పెండ్లాడిన జార్జి రాజు కూడ గ్రీకువాడు కాడు. అతడు డెన్మార్కు రాజకుమారుడు. గ్రీసువారు తమ మొదటి రాజును 1862లో తొలగించి, మరుసటి సంవత్సరము ఇతనిని కోరి తెచ్చుకొనిరి. అప్పటికి అతని వయస్సు 17 ఏండ్లు. అతడు లూథరన్ విశ్వాసములో పెరిగినవాడు, కడవరకు ఆ విశ్వాసములోనే నిలిచెను. ఓల్గా మాత్రము గ్రీకువారివలెనే ఆర్థొడాక్సు సంఘమునకు చెందినది. 1867 అక్టోబరులో రష్యాలోనే వివాహము జరిగెను. నాటికి ఆమెకు 16 ఏండ్లు మాత్రమే. అత్తవారింటికి తెచ్చుకొనిన పెట్టెలలో ఆమె బొమ్మలు కూడ ఉండెనని చెప్పుదురు. రాజధానియైన ఏథెన్సులో ప్రవేశించు దినమున ఆమె గ్రీసు జెండా రంగులైన నీలము, తెలుపు వస్త్రములు ధరించెను.

మన ఇండ్లలోని తల్లులకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. పుట్టిల్లు విడిచి, ఎరుగని ఊరికి, ఎరుగని వాడుకలలోనికి వచ్చిన ఆడుబిడ్డ మొదటి రాత్రి ఏమి తలంచునో వారికి తెలియును. మన కోడండ్లకు భాషయైనను ఒకటే. ఓల్గాకు అదియు లేదు. అయితే ఆమె ఏడ్చుచు కూర్చుండిపోలేదు. ఒక సంవత్సరము లోపలనే గ్రీకు భాష నేర్చుకొనెను. క్రొత్త దేశమును ప్రేమించుటకు ఆమె వేసిన మొదటి అడుగు అదే. ఒక జనమును ప్రేమించుచున్నానని చెప్పి వారి మాట నేర్చుకొననివాని ప్రేమ గుమ్మము దగ్గరనే ఆగిపోవును.

ఆమెకు ఎనిమిదిమంది పిల్లలు కలిగిరి. వారిలో 1880లో పుట్టిన ఒక ఆడుబిడ్డ పసితనములోనే చనిపోయెను. పెండ్లియైన పెద్ద కుమార్తె 1891లో ప్రసవ సమయమున కన్నుమూసెను. దుఃఖము రాజగృహపు తలుపు దగ్గర అనుమతి అడుగదు గదా! ఓల్గా తన దుఃఖమును రోగుల సేవలోనికి త్రిప్పుకొనెను. ఏథెన్సులోని ఎవాంగెలిస్మోస్ అను గొప్ప ఆసుపత్రి ఆమె పూనికతో ఏర్పడినది. గబ్రియేలు దూత మరియమ్మకు తెచ్చిన శుభవర్తమానము అని ఆ పేరునకు అర్థము. చనిపోయిన కుమార్తె జ్ఞాపకార్థముగా ఏథెన్సు ఓడరేవైన పిరాయెసులో మరియొక ఆసుపత్రి కట్టించెను.

ఇంతవరకు ఎవరును ఆమెను తప్పుపట్టలేదు. కోడలు ఇంటివారికి సేవ చేసినంతకాలము అందరును మెచ్చుకొందురు. ఇంటి పూజ్యవస్తువును ముట్టినప్పుడే చిక్కు వచ్చును.

1897లో గ్రీసునకును తుర్కులకును యుద్ధము జరిగెను. ఒక నెల దినములలోనే గ్రీసు ఓడిపోయెను. ఆసుపత్రులు గాయపడిన సైనికులతో నిండెను. వారిలో అనేకులు మనవంటి పల్లెవారే. పొలములో పని చేసికొనువారు, మేకలు మేపుకొనువారు. రాణి వారి మంచముల యొద్దకు వెళ్లి సువార్తలు చదువుటకు పూనుకొనెను. అప్పుడు ఆమెకు ఒక సంగతి తెలిసినది. క్రొత్త నిబంధన మొదట వ్రాయబడినది గ్రీకు భాషలోనే. ఆ సైనికులు మాటలాడునదియు గ్రీకే. అయినను పద్దెనిమిది వందల సంవత్సరములలో భాష మారిపోయినందున, తమ తాతల భాషలోనున్న సువార్త వారికి బోధపడుటలేదు. చెవికి ఇంపుగా ఉన్నది గాని హృదయములోనికి దిగుటలేదు. మా వృద్ధురాలు పలికినదియు ఇదే గదా!

ఓల్గా తన కార్యదర్శినియైన జూలియా సొమాకి అను స్త్రీకి ఆ పని అప్పగించి, నాలుగు సువార్తలను ప్రజల వాడుక భాషలోనికి తర్జుమా చేయించెను. అచ్చు వేయుటకు అనుమతి ఇమ్మని గ్రీసు సంఘపు పరిశుద్ధ సభను కోరెను. సభవారు ఒప్పుకొనలేదు. అయినను 1901 ఆరంభములో ఆ గ్రంథము వెలువడెను. వెల ఒక ద్రాఖ్మా మాత్రమే. అచ్చువేయుటకైన ఖర్చు అంతకు చాల ఎక్కువ. అందులో ప్రాచీన పాఠమును క్రొత్త తర్జుమాను రెండును ఉంచిరి. ఇది గుడిలో చదువుటకు కాదు, కుటుంబములలో చదువుకొనుటకు మాత్రమే అని మొదటి పుటలోనే ముద్రించిరి.

అదే సంవత్సరము అలెగ్జాండ్రోస్ పల్లిస్ అను వర్తకుడు చేసిన మత్తయి సువార్త తర్జుమా "అక్రోపొలిస్" అను దినపత్రికలో వరుసగా వెలువడసాగెను. అతని భాష ఇంకను పామర భాష. దానితో నిప్పు అంటుకొనెను. విశ్వవిద్యాలయపు విద్యార్థులు వీధులలోనికి వచ్చిరి. తర్జుమాలను ఖండింపవలెననియు, తర్జుమా చేసినవారిని సంఘమునుండి వెలివేయవలెననియు కేకలు వేసిరి. 1901 నవంబరులో ఏథెన్సు వీధులలో జరిగిన ఘర్షణలో ఎనిమిదిమంది ప్రాణములు కోల్పోయిరి; అనేకులు గాయపడిరి. ఏథెన్సు ప్రధానాధ్యక్షుడు ప్రొకోపియొసు తన పదవి విడిచిపెట్టెను. ప్రధానమంత్రి థెయొటోకిసు మంత్రివర్గము కూడ దిగిపోయెను. రాణినిగూర్చి కొందరు, "ఈమె రష్యా స్త్రీ, మన భాషను పాడుచేసి మనలను స్లావు జాతులకు అప్పగింపజూచుచున్నది" అని నిందించిరి. ముప్పది నాలుగు సంవత్సరములు ఆ దేశమున కాపురము చేసి, ఆ మట్టిలో బిడ్డను పాతిపెట్టిన తల్లి ఒక్క దినమున మరల పరదేశి అయిపోయెను.

ప్రియులారా, ఇక్కడ మనము తొందరపడి తీర్పు తీర్చరాదు. ఆ విద్యార్థులు వట్టి అల్లరివారని త్రోసివేయుట సులభమే. వారి పక్షమున చెప్పవలసిన మాట కూడ కలదు. లోకములోని జనములన్నింటికిని క్రొత్త నిబంధన తర్జుమాగా అందినది. గ్రీకువారికి మాత్రము పౌలు చెప్పి వ్రాయించిన మాటలు, మార్కు కూర్చిన మాటలు ఉన్నవి ఉన్నట్లుగా చేతిలో ఉన్నవి. తుర్కుల ఏలుబడిలో నాలుగు వందల ఏండ్లు నలిగిన జనమునకు ఆ భాషయే తాము ఎవరో చెప్పు గురుతు. ఉత్తరపు సరిహద్దులలో స్లావు జాతులతో తగవులున్న రోజులవి. అట్టి వేళ రష్యాలో పుట్టిన రాణి ఆ గురుతును ముట్టగా వారి గుండె అదిరెను. ఆ భయము కల్ల కాదు.

మన దేశపు సంగతితో పోల్చి చూడుడి. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండన్ మిషను సేవకులు క్రాను, దేగ్రాంజి అనువారు ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి సాయముతో సువార్తలను తెలుగు చేసిరి. వారిద్దరును కొద్ది ఏండ్లలోనే చనిపోయిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. వారును పరదేశులే. అయినను వారి పనినిబట్టి మన వీధులలో రక్తము చిందలేదు. ఏలయనగా వారు ఖాళీగా ఉన్న చేతిలో రొట్టె పెట్టిరి. గ్రీసులో అట్లు కాదు. అక్కడివారి చేతిలో అప్పటికే ఒక పూజ్యవస్తువు ఉన్నది. క్రొత్తది ఇచ్చుటను వారు ఉన్నది తీసికొనుటగా తలంచిరి. ఒకే పని ఒకచోట దానమై మరియొకచోట దోపిడివలె కనబడుట ఇందువలననే. మేలు చేయబోవువారు, అవతలివాని చెయ్యి ఖాళీగా ఉన్నదా, నిండియున్నదా అని ముందుగా చూడవలెను.

అయితే ఆ భయము నిజమైనదైనను, అది నడిపించిన త్రోవ మంచిది కాదు. వారు కాపాడదలచిన ప్రాచీన గ్రీకు ఎట్టిది? పౌలు దినములలో అది పండితుల భాష కాదు. సంతలో బేరమాడువారును, ఓడరేవులో మూటలు మోయువారును మాటలాడిన సామాన్య భాష. ఆ సామాన్యులు తెలిసికొనవలెననియే పరిశుద్ధాత్మ దానిని ఏర్పరచుకొనెను. కాలము గడచినకొలది ఆ మాటలు మనుష్యులకు ఎక్కరాని మెట్లయినవి. అపొస్తలుల అక్షరములను కాపాడుచున్నామనుకొనినవారు అపొస్తలుల ఉద్దేశమును మరచిపోయిరి. మాట అర్థము తెలియనప్పుడు పలుకువాడును వినువాడును ఒకరికొకరు పరదేశులగుదురని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసెను. ఈ మాటనుబట్టి చూడగా ఆసుపత్రిలో ఆ సైనికునికి పరదేశి ఎవరు? అతనికి తెలియు మాటతో సువార్త చెప్పింపజూచిన రష్యా స్త్రీయా? తెలియని మాటనే వినుమని పట్టుపట్టిన స్వదేశస్థుడా? పరదేశితనము పుట్టిన ఊరినిబట్టి మాత్రమే రాదు. పొరుగువాని హృదయమునకు దూరముగా నిలిచినవాడు తన సొంత ఊరిలోను పరదేశియే.

మరి రాణియందు లోపము లేదా? ఉన్నదని మాకు తోచుచున్నది. సంఘపు సభ వద్దన్నను ఆమె గ్రంథమును వెలువరించెను. రాణి గనుక అది చేయగలిగెను. ఒక పల్లెటూరి బోధకుడు చేయగలిగెడివాడు కాడు. ప్రేమ చేతిలో అధికారము ఉన్నప్పుడు, ప్రేమ నిదానించుట మరచిపోవును. గాయపడినవారి మాట ఎంత ఓపికతో వినెనో, భయపడినవారి మాటయు అంత ఓపికతో వినవలసియుండెను. అయినను ఆమె ఉన్నదానిని తీసివేయలేదు. పాత పాఠమును క్రొత్తదాని తోడుగా ఉంచెను. గుడి చదువును ముట్టలేదు. ఇంటి చదువు మాత్రమే కోరెను. ఆ మొదటి పుటలోని మాటను ఎవరైనను శాంతముగా చదివియుండినయెడల ఎనిమిది ఇండ్లలో ఏడుపు పుట్టకపోయెడిది.

తరువాతి సంగతి కూడ వినుడి. 1911లో గ్రీసు రాజ్యాంగమునందే అనుమతి లేని తర్జుమాను నిషేధించిరి. 1913లో జార్జి రాజు థెస్సలొనీకలో, పౌలు సువార్త చెప్పిన ఆ పట్టణమునందే, ఒకని తుపాకి గుండుకు చనిపోయెను. విధవరాలైన ఓల్గా పుట్టింటికి వెళ్లి, మొదటి ప్రపంచ యుద్ధకాలమున పావ్లోవ్‌స్కులో గాయపడినవారికి మరల పరిచర్య చేసెను. 1917 విప్లవములో ఆమె పుట్టింటివారు చెదరిపోయిరి. ఆమె తమ్ముని కుమారులలో ముగ్గురు 1918లో చంపబడిరి. ఆమె 1919లో ఎట్లో రష్యా దాటి బయటపడెను. 1920లో ఆమె మనుమడైన అలెగ్జాండరు రాజు కోతికాటువలన జబ్బుపడగా, అతనిని చూచుటకు గ్రీసునకు బయలుదేరెను. ఆమె చేరకముందే అతడు చనిపోయెను. అప్పుడు రాజ్యమును చూచుటకు ఎవరును లేక, గ్రీసువారు ఈ ముసలి తల్లినే కొన్ని వారములు రాజప్రతినిధిగా నిలిపిరి. ఏ స్త్రీని దేశద్రోహిణి అనిరో ఆమె చేతిలోనే దేశమును ఉంచిరి! ఆమె మరల ప్రవాసము వెళ్లి 1926లో పరదేశమునందే కన్నుమూసెను. 1936లో ఆమె దేహమును గ్రీసునకు తెచ్చి, ఏథెన్సునకు చేరువనున్న టటోయిలో, భర్త దగ్గర పాతిపెట్టిరి. బ్రిటను రాణి ఎలిజబెతు భర్త ఫిలిప్పు ఈమె మనుమడే. 2022లో సింహాసనమెక్కిన చార్లెసు రాజు ఈమె మునిమనుమడు.

గ్రీసు ప్రభుత్వము 1976లో వాడుక భాషనే అధికార భాషగా ఏర్పరచెను. నేడు గ్రీకువారు వాడుక మాటలలోనున్న క్రొత్త నిబంధనను ఇంట చదువుకొనుచున్నారు. గుడిలో ప్రాచీన పాఠమే చదువబడుచున్నది. ఓల్గా తన గ్రంథపు మొదటి పుటలో అడిగినది ఇంతకంటె ఎక్కువ కాదు. విత్తినవారు ఒకరు, కోయువారు మరియొకరు.

ఈ చరిత్రనుండి మా సంఘమునకు ఏమి నేర్చుకొంటిమి? మేము ఒక సాయంకాలము ఆ యౌవనస్థుని వెంటబెట్టుకొని పెద్దగారి ఇంటికి వెళ్లితిమి. వాదించుటకు పోలేదు. "అయ్యా, మీ నాన్నగారు ఆ కీర్తన ఎట్లు చదివేవారో ఒకసారి చెప్పండి" అని అడిగితిమి. ఆయన పుస్తకము తెరువకనే కన్నులు మూసికొని కడవరకు చెప్పిరి. మధ్యలో ఆయన గొంతు బొంగురుపోయెను. ఆ యౌవనస్థుడు తల వంచుకొని వినుచుండెను. తాను ముట్టినది కేవలము ఒక పుస్తకము కాదని అతనికి ఆనాడు తెలిసినది. తరువాత ఆ వృద్ధురాలు చెప్పిన మాట మేము పెద్దగారికి చెప్పితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆవిడ దగ్గరికి నేను కూడా వస్తానండి" అనిరి.

మరుసటి వారము ముగ్గురము కలిసి వెళ్లితిమి. పెద్దగారు పాత బైబిలునుండి చదివిరి. అదే భాగమును యౌవనస్థుడు వాడుక తెలుగులో చదివెను. ఆ తల్లి మొదటిది విని చేతులు జోడించెను. రెండవది విని కన్నీళ్లు పెట్టుకొనెను. ఎజ్రా దినమున నీటి గుమ్మము ఎదుట జరిగినదియు ఇదే గదా! గ్రంథమును స్పష్టముగా చదివిరి, అర్థమును చెప్పిరి, జనులు గ్రహించి ఏడ్చిరి, తరువాత సంతోషించిరి. చదువుట ఒక పరిచర్య, అర్థము చెప్పుట మరియొక పరిచర్య. ఒకదానిని నిలుపుటకు రెండవదానిని త్రోసివేయనక్కరలేదు.

కలత అంతయు తీరినదని మేము చెప్పము. ఆదివారమున ఏ బైబిలు చదువవలెనో అనునది ఇంకను పెద్దల కూటములో మాటలాడుచునే యున్నాము. అయితే ఒక సంగతి మాత్రము మాలో స్థిరపడినది. బయటనుండి వచ్చినవానిని "నువ్వెవడివి?" అని అడుగుటకు ముందు, అతడు ఎవరి మంచము దగ్గర కూర్చుండి వచ్చెనో అడుగుదము. క్రొత్తది తెచ్చువాడు, తాను తెచ్చినది చూపుటకు ముందు, ఎదుటివాని చేతిలో ఏమున్నదో చూచి దానికి నమస్కరించును గాక. మోయాబు స్త్రీయైన రూతు అత్త జనులను తన జనులుగా ఎంచుకొనెను. బేత్లెహేమువారు ఆమె పరదేశియని తెలిసియు ఆమెను ఆశీర్వదించిరి. ఈ రెండును కూడినచోటనే దావీదు వంశము నిలిచెను, ఆ వంశమునందే మన రక్షకుడు పుట్టెను.

తన మహిమను విడిచి మన మధ్యకు వచ్చి, మన మాటలతోనే మనతో మాటలాడిన ప్రభువు, మన ఇండ్లలోను సంఘములలోను తన వాక్యమును తెలిసికొను చెవిని, ఒకరినొకరు ఓర్చుకొను మనస్సును దయచేయును గాక. ఆమేన్.